వెనిస్‌లో ఒక్క రాత్రయినా ఉండండి

యూరప్ టూర్లు వేసే కంపెనీల కరపత్రాలు తిరగేయండి. పది రోజుల్లో అయిదారు దేశాలు చుట్టించే ఆ పట్టికలో వెనిస్‌కు దక్కేది ఒక పూట. పొద్దున పదింటికి బస్సు రేవు దగ్గర దించుతుంది. పడవలో సాన్ మార్కో చౌకుకు తీసుకెళతారు. గాజు ఊదే కొలిమి ముందు కాసేపు నిలబెడతారు. గొండోలా ఎక్కాలంటే విడిగా డబ్బు కట్టమంటారు. సాయంత్రానికి మళ్ళీ పడవ, మళ్ళీ బస్సు. పడక మాత్రం నీళ్ళకు అవతల మెస్త్రెలోనో పాదువాలోనో. ఇంటికొచ్చి వెనిస్ చూశామని చెప్పుకుంటాం. నిజానికి ఆ పూటంతా మనం చూసింది మనలాంటి యాత్రికుల గుంపును.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. భార్యాభర్తలు మీరిద్దరూ జీవితంలో ఒక్కసారి వెనిస్ వెళ్ళగలిగితే, ఆ ఊళ్ళోనే రాత్రి ఉండండి. వీలైతే రెండు రాత్రులు. అందుకోసం మిగతా దేశాల్లో రెండింటిని పట్టికలోంచి కొట్టేయవలసి వచ్చినా కొట్టేయండి. పగటి గుంపు రైళ్ళెక్కి వెళ్ళిపోయాక మిగిలే ఊరు వేరు. మోటారు బండి అన్నది లేని ఊరది. స్కూటరు లేదు, ఆటో లేదు, హారన్ లేదు. రాత్రి తొమ్మిది దాటాక సందుల్లో వినబడేది మనుషుల అడుగుల చప్పుడు, గోడకు తగిలే నీటి చప్పుడు. పక్కనున్న మనిషి నెమ్మదిగా మాట్లాడినా చక్కగా వినబడుతుంది. భార్యాభర్తలకు ఆ ఊరు ఇచ్చేది ముఖ్యంగా అదే.

మన రామకుప్పం, శాంతిపురం, వి.కోట వైపు దంపతులను అడిగి చూడండి, ఇద్దరే కలిసి ఎక్కడికైనా వెళ్ళారా అని. తిరుమల వెళ్ళి ఉంటారు, కాణిపాకం, బోయకొండ, అరుణాచలం, కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడు, ధర్మస్థల వెళ్ళి ఉంటారు. ప్రతిసారీ బండి నిండా జనం. అత్తగారో, ఆడపడుచు పిల్లలో, పక్కింటి ముసలమ్మో తప్పనిసరి. ఆమె పులిహోర పొట్లాలు పంచుతూ ఉంటుంది, ఆయన డ్రైవరు పక్క సీట్లో దారి చెబుతూ ఉంటాడు. అది పుణ్యయాత్ర, దాని విలువ దానిది. కానీ పెళ్ళై పాతికేళ్ళు దాటినా ఇద్దరూ పక్కపక్కన కూచుని ఒక పూట గడపని ఇళ్ళు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. పిల్లలు బెంగుళూరులో కుదురుకుని, వాళ్ళలో ఒకరు జర్మనీకో ఐర్లండుకో వెళ్ళి, "అమ్మా, నాన్నా, ఈసారి మీరు రండి" అని టికెట్లు పంపే కాలం ఇప్పుడు వచ్చింది. ఈ అధ్యాయం ముఖ్యంగా వాళ్ళ కోసం.

మొదటి అడ్డంకి వీసా కాదు, ఆవులు. రెండు పూటలా పాలు ఎవరు పితుకుతారు? డెయిరీకి ఎవరు పోస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కే చాలా ప్రయాణాలు ఇంటి గడప దాటవు. కాబట్టి టికెట్టు కంటే ముందు మనిషిని కుదుర్చుకోండి. వెళ్ళే వారం ముందు నుంచే ఆ మనిషి చేత పితికించండి, ఆవుకు చెయ్యి అలవాటు కావాలి. పట్టుపురుగులు పెంచేవాళ్ళయితే, పురుగు పెట్టిన నాటి నుంచి గూడు దించేదాకా నెల దాకా కదలలేరు. రెండు పంటల మధ్య ఖాళీ చూసుకుని తేదీ ఖాయం చేయండి, ఆ తర్వాతే విమానం సంగతి. చాకీ పురుగులకు ఆర్డరు ఆ ఒక్కసారి ఆలస్యంగా ఇస్తే ఆకాశం విరిగి పడదు.

వీసా పని మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఇటలీ షెంగెన్ ఒప్పందంలో ఉంది కాబట్టి షెంగెన్ వీసా కావాలి. పెద్దవాళ్ళకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. రైతులకు జీతం చీటీ ఉండదు, అదే దిగులు. పట్టాదారు పాసు పుస్తకం, డెయిరీ డబ్బు నెలనెలా పడే బ్యాంకు ఖాతా వివరాలు, ఖర్చు పిల్లలు పెడుతుంటే వాళ్ళు రాసిచ్చిన లేఖ, వాళ్ళ జీతం కాగితాలు అన్నీ జతచేయండి. అధికారికి తెలియవలసింది రెండే: ఖర్చుకు డబ్బుందా, తిరిగి ఊరికి వస్తారా. దరఖాస్తుకు వారం ముందు ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేయకండి, అనుమానానికి అదే మొదటి కారణం అవుతుంది.

ఇక ఆ ఊరి సంగతి. ఇది తెలుసుకుని వెళ్ళినవాళ్ళ చూపు వేరుగా ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఇటలీ ఈశాన్యాన, ఏడ్రియాటిక్ సముద్రానికి ఆనుకుని లోతు లేని ఉప్పునీటి మడుగు ఒకటుంది. అందులో నూటికి పైగా చిన్న చిన్న దిబ్బలు. వాటి మీద, వాటి మధ్య బురదలో లక్షల కొయ్య మేకులు దిగగొట్టి, వాటి మీద రాతి వరసలు పరిచి కట్టిన ఊరు వెనిస్. ఆ దుంగలు కుళ్ళిపోవా అని అందరూ అడుగుతారు. బురద లోపల గాలి ఆడదు. గాలి లేనిచోట కొయ్యను త్వరగా తినేసే బూజు బతకలేదు, అందుకే వందల ఏళ్ళయినా అవి నిలిచే ఉన్నాయి. వాటి పైన పరిచింది అవతలి తీరంలోని ఇస్ట్రియా నుంచి పడవల్లో తెచ్చిన తెల్లరాయి, ఉప్పునీటిని సులభంగా పీల్చుకోదు. కుప్పం క్వారీల్లో రాయి కోసినవాళ్ళు, ఆ పని చూసినవాళ్ళు మన వైపు ఎందరో ఉన్నారు. ఏ మేడ గోడ అడుగునైనా ఆ తెల్లరాయి వరస ఎక్కడ ఆగిపోయిందో, దాని పైన ఇటుక ఎలా తినేసిందో వాళ్ళ కంటికి ఇట్టే తెలిసిపోతుంది. గైడు ఆ సంగతి చెప్పడు.

గైడు చెప్పని సంగతి ఇంకొకటుంది. నా దృష్టిలో వెనిస్‌లో అన్నిటికంటే గొప్పది అదే. చుట్టూ ఇన్ని నీళ్ళున్న ఆ ఊళ్ళో తాగడానికి చుక్క నీరు లేదు. కాలువలన్నీ ఉప్పు. నేలను తవ్వితే ఉప్పే. మరి ఐరోపాలోకెల్లా సంపన్నమైన నగరాల్లో ఒకటి వందల ఏళ్ళు ఏం తాగి బతికింది? వాన నీళ్ళు.

ఊరంతా చిన్న చిన్న చౌకులు కనబడతాయి, వాటిని 'కాంపో' అంటారు. దాదాపు ప్రతి కాంపో నడుమ చెక్కిన రాతి ఒర ఒకటి ఉంటుంది, ఇప్పుడు ఇనుప మూతతో. చాలామంది దాని మీద సంచీ పెట్టుకుని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. దానికి కొంచెం దూరంలో నలువైపులా చూడండి. నేలలో చిల్లులు పొడిచిన నాలుగు తెల్లరాతి పలకలుంటాయి. చౌకు నేల ఆ పలకల వైపు వాలి ఉంటుంది. వాన నీళ్ళు, చుట్టూ ఉన్న కప్పుల మీది నీళ్ళు ఆ చిల్లుల్లోంచి లోపలికి దిగుతాయి. అడుగున పెద్ద గొయ్యి. గొయ్యికి చుట్టూ జిగురు బంకమట్టి గట్టిగా మెత్తి ఉంటారు, బయటి ఉప్పునీరు లోపలికి రాకుండా. గొయ్యి నిండా శుభ్రమైన ఇసుక. నడుమ ఇటుకలతో కట్టిన గొట్టం లాంటి బావి. వాన నీరు ఇసుకలోంచి ఊరుతూ, వడకట్టుకుంటూ వచ్చి బావి అడుగు నుంచి లోపలికి చేరుతుంది.

పాలారు ఇసుకలో చెలమ తవ్వి, ఊరేదాకా కూచుని, తేటపడ్డాక చెంబుతో ముంచుకున్నవాళ్ళకు ఈ బావి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనిస్ వాళ్ళు చెలమను తవ్వలేదు, కట్టుకున్నారు, అంతే తేడా. 19వ శతాబ్దం నడుమ నాటికి ఇలాంటివి ఆరు వేలకు పైగా ఉండేవి. ఊరుమ్మడి బావులకు తాళాలుండేవి. రోజుకు రెండు పూటలా గంట కొట్టి, తెరిచి, మళ్ళీ మూసేసేవారు. ఎండలు ముదిరి బావులు అడుగంటితే బ్రెంతా నది నుంచి పడవల నిండా మంచినీళ్ళు తెచ్చి బావుల్లో పోసేవారు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన మనకు ఆ పడవ ఎదురుచూపులు ఎలాంటివో తెలుసు. 1884లో ప్రధాన భూమి నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చాకే బావులకు మూతలు పడ్డాయి. ఇప్పుడు వీధుల్లో కనబడే చిన్న కొళాయిల్లో పారేది ఆ గొట్టపు నీరే, నిశ్చింతగా తాగవచ్చు. సీసా నింపుకోండి, నీళ్ళకు డబ్బు పెట్టకండి.

ఒక్క బావిని దగ్గరగా చూడాలంటే దోర్సోదూరో పేటలోని సాన్ త్రొవాసో కాంపోకు వెళ్ళండి. అక్కడ నేల చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉంటుంది. ఆటుపోట్ల నీరు లోపలికి పోకుండా, గొయ్యికి లోతు దక్కేలా ఎత్తు చేసి కట్టారు. ఇద్దరూ అక్కడ కూచోండి. హంద్రీ–నీవా కాలువ కుప్పం చేరేదాకా మన పెద్దవాళ్ళు ఎన్ని ఏళ్ళు ఎదురు చూశారో, మీ ఇంటి బోరు ఎన్ని అడుగుల దగ్గర ఎండిందో అక్కడ మాట్లాడుకోండి. ఆ మాటలకు అది సరైన చోటు. పక్కనే కాలువకు అవతల గొండోలాలు చేసే పాత కొట్టం ఉంది. నల్లటి పడవలు బోర్లా వేసి మరమ్మతు చేస్తూ కనబడతారు. టికెట్టు లేదు, ఇవతలి గట్టు మీద నిలబడి చూడవచ్చు.

గొండోలా సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఎక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం. ధర నగరపాలక సంస్థ ఖాయం చేసింది: పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటాక 35 నిమిషాలకు 110. అది పడవకు, మనిషికి కాదు. అయిదుగురి దాకా ఎక్కవచ్చు. పాట పాడించడం లాంటివి అదనం, అక్కర్లేదు. ఎక్కితే ఒక్కటి గమనించండి. ఒకే తెడ్డు, ఒకే వైపు వేస్తాడు, అయినా పడవ పక్కకు తిరగకుండా నేరుగా పోతుంది. ఎందుకంటే పడవ రెండు పక్కలూ సమానంగా ఉండవు, ఎడమ పక్క వెడల్పు ఎక్కువ. ఆ వంకరే దాన్ని నిలబెడుతుంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పెద్ద కాలువ దాటించే 'త్రగెత్తో' పడవ ఎక్కండి. ఒక్కొక్కరికి రెండు యూరోలు. రెండు నిమిషాల్లో అవతలి గట్టు. పడవ అదే తీరుది, ఇద్దరు తెడ్డు వేస్తారు, పక్కన సంతకు వెళ్ళే వెనిస్ మనుషులు ఉంటారు. నేను దీన్నే సిఫారసు చేస్తాను.

నిట్టూర్పుల వంతెన కింద ముద్దు పెట్టుకుంటే ప్రేమ నిలుస్తుందని గొండోలా వాళ్ళు చెబుతారు. అది 1600 ప్రాంతంలో న్యాయస్థానాన్ని జైలుతో కలుపుతూ కట్టిన వంతెన. శిక్ష పడ్డవాళ్ళు ఆ రాతి జాలీలోంచి చివరిసారి బయటి వెలుతురు చూసేవారట. ప్రేమకు గుర్తుగా దాన్ని ఎంచుకోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక బస. రైలు దిగే శాంతా లూచియా స్టేషను దగ్గరగా, కన్నరేజియో పేటలో గది చూసుకోండి. కారణం మోకాళ్ళు. ఆ ఊళ్ళో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు ప్రతిదానికీ మెట్లే. పెద్ద సూట్‌కేసును మెట్ల మీద ఎత్తుకుని దించుకుంటూ పోయేసరికి సగం ప్రేమ ఆవిరైపోతుంది. కాబట్టి ఇద్దరికీ కలిపి ఒక చిన్న పెట్టె చాలు. పెద్ద పెట్టె పిల్లల ఇంట్లో వదిలి రండి. గది తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: స్టేషను నుంచి ఎన్ని వంతెనలు దాటాలి, గది ఎన్నో అంతస్తులో ఉంది. పాత ఇళ్ళలో లిఫ్టు ఉండకపోవచ్చు. మెస్త్రెలో గది సగం ధరకే దొరుకుతుంది, రైల్లో పది నిమిషాలే అని పిల్లలు లెక్క చెబుతారు. లెక్క నిజమే. అయినా ఒప్పుకోకండి. ఆ పది నిమిషాల రైలు కోసం మీరు సాయంత్రం అంతా గడియారం చూసుకుంటూ ఉంటారు.

రాత్రి ఉండటంలో ఇంకో లాభం ఉంది. పగలు మాత్రం వచ్చి పోయేవాళ్ళ మీద వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి ప్రవేశ రుసుము పెట్టింది. ఏప్రిల్ నుంచి జులై దాకా ఎంపిక చేసిన రోజుల్లో, పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 దాకా. ముందు కట్టుకుంటే 5 యూరోలు, 2025 నుంచి ఆలస్యంగా కట్టేవాళ్ళకు 10. ఊళ్ళో బస చేసేవాళ్ళకు ఇది లేదు, వాళ్ళు బసతో పాటు పర్యాటక పన్ను కడతారు. అయితే మినహాయింపు కోసం నగరపాలక సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. రోజులు, రుసుములు ఏటా మారుతుంటాయి, వెళ్ళే ముందు పిల్లల చేత ఒకసారి చూపించుకోండి.

ఈ రుసుము వెనక ఒక బాధ ఉంది. 1951లో ఆ పాత నగరంలో లక్షా డెబ్బై వేలకు పైగా జనం ఉండేవారు. ఇప్పుడు యాభై వేల లోపు. అద్దెలు పెరిగి, కిరాణా కొట్లు బొమ్మల కొట్లుగా మారి, పిల్లలు మెస్త్రెకు వెళ్ళిపోయి ఊరు ఖాళీ అవుతోంది. పనికోసం ఇళ్ళకు తాళాలు వేసి బెంగుళూరు బాట పట్టే పల్లెల్లోంచి వెళ్ళిన మనం ఆ మనుషుల అలసటను అర్థం చేసుకోగలం. వంతెన మీద అడ్డంగా నిలబడకండి. సన్నటి సందులో కుడి పక్కగా నడవండి. గుడి మెట్ల మీద కూచుని పొట్లాలు విప్పకండి, జరిమానా వేస్తారు. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. మన చీరకు ఆ ఇబ్బందే లేదు.

ఏ నెలలో వెళ్ళాలి? జులై, ఆగస్టు వద్దు. ఎండ, దోమలు, గుంపు. ఫిబ్రవరిలో కార్నివాల్ వేషాల పండుగ ముగిశాక, మార్చి నడుమ మంచి కాలం. చలి ఉంటుంది, స్వెట్టరు సరిపోదు, లోపల ఇంకో పొర కావాలి. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా సముద్రం పొంగి చౌకుల్లోకి నీళ్ళు వచ్చే కాలం. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లు ఎక్కింది, 2019 నవంబరు 12న 187. ఆ మరుసటి ఏడు, 2020 అక్టోబరు 3 నుంచి మడుగు మూడు ముఖద్వారాల దగ్గర 78 ఇనుప తలుపులు లేపి సముద్రాన్ని ఆపుతున్నారు. కాబట్టి భయపడవలసినంత లేదు. కానీ సైరన్ మోగితే గది యజమానిని అడిగి బయటికి వెళ్ళండి.

మన వైపు నుంచి కోలారు మీదుగా దేవనహళ్ళి విమానాశ్రయం. దారిలో ఒకచోట విమానం మారాలి. వెనిస్‌లో దిగే విమానాశ్రయం పేరు మార్కో పోలో. ఆ పేరు మనకు పరాయిది కాదు. 13వ శతాబ్దం చివర ఆయన తన యాత్రా గ్రంథంలో తెలుగు నేల గురించి రాశాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవును 'ముత్ఫిలి' అన్నాడు. అక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టలను మెచ్చుకున్నాడు. ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్న ఒక రాణి గురించి చెప్పాడు. ఆమె మన రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. తర్వాత 1567లో చేజారే ఫెదెరీచీ అనే మరో వెనిస్ వర్తకుడు, తళ్ళికోట యుద్ధంలో దెబ్బతిన్న విజయనగరంలో నెలల తరబడి ఉండి చూసింది రాశాడు. వెనిస్‌లో రియాల్తో వంతెన దగ్గర 'కోర్తె దెల్ మిలియోన్' అనే చిన్న లోగిలి ఉంది. మార్కో పోలో కుటుంబం ఉన్న చోటు అదేనని చెబుతారు. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, అయినా వెళ్ళండి. మన రాణి పేరు ప్రతిష్ఠలు ఏడు వందల ఏళ్ళ కిందటే చేరిన చోటది.

ఇప్పుడు అసలు పని. ఆ రెండు రోజులు ఇద్దరూ ఎలా గడపాలి?

తెల్లవారకముందే లేవండి. ఇది మీకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు, పాలు పితికే చేతులు నాలుగున్నరకే లేస్తాయి. యూరప్ యాత్రికులకు లేని గొప్ప ఆస్తి మీ దగ్గర ఉన్నది అదే. ఆరింటికి సాన్ మార్కో చౌకులో మీరిద్దరూ, ఊడ్చేవాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. మధ్యాహ్నం వేలమంది తోసుకునే చోటది. అక్కడి నుంచి రియాల్తో సంతకు నడవండి. కూరగాయలు, చేపలు, పాల డబ్బాలు, సిమెంటు మూటలు, చెత్త, అన్నీ పడవల్లోనే వచ్చి పోతుంటాయి. టమోటా క్రేట్లు పడవలోంచి గట్టు మీదికి అందిస్తుంటే ఆయన తప్పకుండా ఆగి ధర చూస్తాడు, మదనపల్లె మార్కెట్టు రేటుతో లెక్క వేస్తాడు. వేయనివ్వండి. ఆదివారం మాత్రం సంత ఉండదు.

నడిచేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. ఊళ్ళో ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనక నడవటం మనకు అలవాటు. ఎవరూ కావాలని చేసేది కాదు, అలా అయిపోయింది. వెనిస్‌లో ప్రతి వంతెన నడుమ ముందు వెళ్ళినవాళ్ళు పక్కకు తప్పుకుని ఆగాలి, రెండోవాళ్ళు వచ్చేదాకా. ఇద్దరూ కాసేపు పక్కపక్కన నిలబడి నీళ్ళు చూసి, కలిసి దిగాలి. రోజుకు ఎన్నో వంతెనలు దాటుతారు కాబట్టి అన్నిసార్లు ఆగుతారు. మొదట్లో చేతకానట్టు ఉంటుంది. సాయంత్రానికి కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. చెయ్యి పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి. అక్కడ మీ మరిది లేడు, వియ్యంకుడు లేడు, మీరెవరో ఎవరికీ తెలియదు.

ఒక పూట దారి ఆమె చెప్పాలి, ఒక పూట ఆయన. ఫోనులో మ్యాపు తీయకండి. సందులు ఎటు తిరిగినా గోడల మీద పసుపు పలకలుంటాయి, రియాల్తోకు ఇటు, సాన్ మార్కోకు అటు, స్టేషనుకు ఇటు అని. దారి తప్పినా ద్వీపం దాటి పోరు, నీళ్ళు ఆపుతాయి. ఆమె చెప్పిన దారి మూసుకుపోయిన సందులో తేలితే "నీకేం తెలుసు" అన్న మాట నోటి దాకా వస్తుంది. అక్కడే దాన్ని మింగేయండి. ఈ యాత్రలో ఆయన నేర్చుకోవలసింది అదొక్కటే కావచ్చు. ఆమెకూ ఒకటుంది: ఇంటికి రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి ఆవు ఎంత పాలిచ్చిందని అడగకూడదు. రాత్రి ఒక్కసారి చాలు.

మాట్లాడుకోకూడని విషయాలు ముందే ఒప్పుకోండి. కోఆపరేటివ్ బ్యాంకు అప్పు, అన్నదమ్ముల గెట్టు తగాదా, చిన్నదాని పెళ్ళి సంబంధం. ఈ మూడూ ఊరొచ్చాక ఎలాగూ ఉంటాయి. బదులుగా పెళ్ళయిన కొత్తలో సంగతులు అడగండి, అప్పుడు చెప్పుకోలేకపోయినవి. మొదట మాటలు దొరకవు. దొరక్కపోతే ఒకటో నంబరు నీటి బస్సు ఎక్కండి. అది పెద్ద కాలువ పొడుగునా ప్రతి రేవులో ఆగుతూ నెమ్మదిగా పోతుంది. టికెట్టు 75 నిమిషాలకు తొమ్మిదిన్నర యూరోలు, రోజంతా ఎక్కి దిగడానికి 25. పొద్దు వాలేటప్పుడు ఎక్కి, బయటి సీట్లు దొరికితే అక్కడే ముగింపు దాకా కూచోండి. రెండు పక్కలా మేడలు సాగిపోతుంటే, ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటే, మాటలు వాటంతట అవే మొదలవుతాయి. ఎదురెదురుగా కూచుని మాట్లాడటం చాలామందికి కష్టం.

తిండికి దిగులు పడకండి. ఆ ప్రాంతం వాళ్ళ పాత తిండి 'పొలెంత', మొక్కజొన్న పిండితో చేసే సంగటి. రాగి సంగటి తిని పెరిగిన నోటికి అది వెంటనే ఒప్పుతుంది, మీరు తీసుకెళ్ళిన ఊరిబిండి పక్కన పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. శాకాహారులైతే "సెంజా కార్నె, సెంజా పేషే" అనండి. మాంసం వద్దు, చేప వద్దు అని. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూచుంటే ఇంకో ధర. సాన్ మార్కో చౌకులో సంగీతం వింటూ కూచుంటే ఆ సంగీతానికీ బిల్లు వేస్తారు.

ఈ ఖర్చు మన వల్ల కాదు అనేవాళ్ళకు ఒక మాట. బెంగుళూరు–కన్యాకుమారి ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ మన కుప్పం మీదుగానే పోతుంది. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి కేరళ. ఎర్ణాకుళంలో దిగితే అలప్పుళ అక్కడి నుంచి దగ్గరే. 18వ శతాబ్దం చివర తిరువాన్కూరు దివాన్ రాజా కేశవదాసు కాలువలు తవ్వించి, రేవు కట్టించి పెంచిన ఊరది. మిరియాలు, కొబ్బరి పీచు ఎక్కించిన పడవలు ఊరి నడుమ నుంచే సముద్రానికి పోయేవి. అక్కడా ఇదే పద్ధతి పాటించండి. మధ్యాహ్నం హౌస్‌బోటు ఎక్కి, భోజనం చేసి, సాయంత్రం దిగిపోయే ప్యాకేజీ వద్దు. రాత్రి పడవలోనే, లేదా కాలువ గట్టు మీది ఇంట్లో పడుకోండి. హౌస్‌బోట్లు చీకటి పడేసరికి కట్టేస్తారు. కాబట్టి బేరం ఆడేటప్పుడే, పొద్దున ఆరింటికి సన్న కాలువల్లోకి చిన్న తెడ్డు పడవలో గంటసేపు తిప్పాలని మాట తీసుకోండి, దానికి విడిగా ఎంతో అడిగి ముందే ఖాయం చేసుకోండి. పెద్ద పడవలు పోలేని ఆ కాలువల్లోనే ఊరి జనం గిన్నెలు తోముతూ, పిల్లల్ని బడి పడవ ఎక్కిస్తూ కనబడతారు.